మంచు రోడ్డుకు ముందు మా డ్రైవరమ్మ

మా చెల్లెలు జీవితంలో కష్టపడి గెలిచిన మొదటి గెలుపు హెవీ లైసెన్సు. మూడుసార్లు తప్పి నాలుగోసారి తెచ్చుకుంది. అప్పటికే పెళ్ళయి, చంకలో పిల్ల. పరీక్ష పెట్టే అధికారి ఆమె పొట్టితనం చూసి, "ఏమ్మా, బస్సు నడపడానికొచ్చావా, ఎక్కి కూర్చోడానికొచ్చావా?" అన్నాడు. "ఎక్కి కూర్చోకుండా నడపడం నాకు రాదు సార్. మీకొస్తే నేర్పండి" అంది. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు, ఆయన నవ్వలేదు. ఆ కోపంతోనే బస్సును ఎనిమిది అంకెలో తిప్పించి, మళ్ళీ అదే దారిన వెనక్కి నడపమన్నాడు. ఒక్క గుంజకూ తగలకుండా నడిపి, సీటు మీద వేసుకున్న దిండు చంకన పెట్టుకుని దిగింది. పిల్లనెత్తుకుని పక్కన నిలబడి నేను కళ్ళారా చూశాను.

తర్వాత సాధించినవి చెప్పాలంటే చాలా ఉన్నాయి. మా ఊరి డిపోలో బస్సు తోలిన మొదటి ఆడమనిషి ఆమె. నిండు బస్సులో ఇంజన్ నుంచి పొగ లేస్తే ఒక్క కేక కూడా పెట్టకుండా అందరినీ దించి, ఆఖరున తను దిగింది. ప్రమాదం ఎరగని డ్రైవరుగా మూడుసార్లు శాలువా కప్పించుకుంది. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పింది కూడా ఆమే. మా ఇంట్లో గొప్ప చెప్పుకోవడానికి నేనూ తక్కువవాణ్ణి కాను. పల్లెటూరి బడిలో ఏడో తరగతి చదివి పట్నం వచ్చి, రంపపు మిల్లులో దుంగలు మోయడం దగ్గర మొదలుపెట్టి మేస్త్రీగా రిటైరయ్యాను. నా వేళ్ళు పదీ నాకున్నాయి, ఆ పనిలో అంతకు మించిన బిరుదు లేదు. అయినా నలుగురిలో కూర్చుంటే నా గురించి చెప్పను, ఆమె గురించే చెబుతాను. ఊళ్ళో ఆమెను అందరూ డ్రైవరమ్మ అనే పిలుస్తారు. ఇంట్లోనూ అదే పేరు స్థిరపడింది.

ఆమె భర్తకు, అంటే మా బావగారికి, కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఏ పనైనా నలుగురూ చేసేటప్పుడు చేయడం ఆయనకు నచ్చదు. యూరప్ చూడాలన్న కోరిక ఆయనదే, చలికాలంలోనే చూడాలన్న పట్టుదల కూడా ఆయనదే.

"ఎండాకాలం పోతే ఏం కనపడుతుంది బావగారూ? ముందువాడి వీపు కనపడుతుంది" అన్నాడు నాతో. "జనవరిలో అయితే చర్చిలూ కోటలూ మనకోసమే తెరిచినట్టుంటాయి."

దానికి తోడు డిపోలో పొడుగు సెలవు దొరికేది కూడా జనవరిలోనే. ఇంకేం, భోజనాల బల్ల మీద పటం పరిచారు. వాళ్ళమ్మాయి, అంటే నా మేనకోడలు, మందుల షాపులో పనిచేస్తుంది. ఏదైనా ఒకటికి పదిసార్లు సరిచూసుకునే పిల్ల. అల్లుడు ఓడ మీద ఉద్యోగంలో ఉన్నాడు, ఇప్పట్లో రాడు. వెళ్ళేది నలుగురు: మా చెల్లెలు, బావగారు, మేనకోడలు, దాని ఆరేళ్ళ కూతురు. ప్రాగ్, వియన్నా, అక్కణ్ణించి ఆల్ప్స్ కొండలు దాటి ఇటలీలో వెనిస్. చిన్నదాన్నీ మూటాముల్లెనూ రైళ్ళలోకి ఎక్కించి దించలేక చస్తామని, వియన్నాలో వ్యాను అద్దెకు తీసుకోవాలని నిర్ణయించారు.

"ఎవరు నడుపుతారు?" అని అడిగాను.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నన్ను వింతగా చూశారు.

"ఇంట్లో డ్రైవరమ్మ ఉండగా ఈ ప్రశ్నేంటి మామయ్యా" అంది మేనకోడలు.

ఆ ఇంట్లో జరిగిన పొరపాటు అదే. బస్సు నడిపే మనిషి ఉందని ఇంకెవరూ స్టీరింగు ముట్టుకోలేదు. కూతురు నేర్చుకోలేదు. బావగారు అందరికీ కళ్ళజోళ్ళు పెడతాడు కానీ, సాయంకాలమైతే ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో ఆయనకు తెలియదు. నడపగలవా అని చెల్లెల్ని ఎవరూ అడగలేదు. ఆమె పటం మీద కొండల దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ రోడ్డు తెరిచే ఉంటుందా?" అని మాత్రం అంది.

"రోజూ మంచు తోసేస్తారమ్మా. చలికాలమంతా తెరిచుండే కనుమే చూసి పెట్టాను" అంది కూతురు. అది నిజమే, ఆ పిల్ల పనిలో లోపం లేదు.

నేను వారంలో రెండు మూడు రోజులు చెల్లెలి బస్సెక్కి, ఆమె వెనక సీట్లో కూర్చుని ఊరంతా తిరిగొస్తాను. రిటైరైనవాడికి అంతకంటే మంచి కాలక్షేపం లేదు. పటం పరిచిన కొద్ది రోజులకు ఆమె బ్రేకు తీరు మారింది. స్టాపు ఇంకా కనుచూపు మేరలో ఉండగానే కాలు పెడుతోంది. పొడి రోడ్డు, పట్టపగలు, ముందు బండి కూడా లేదు. బస్సు స్టాపుకి ఇవతలే ఆగిపోయేది. జనం పరుగెత్తుకొచ్చి ఎక్కేవాళ్ళు.

"ఏమ్మా, ఇక్కడే కాపురం పెట్టేస్తావా?" అందో ముసలావిడ.

"స్టాపు అక్కడుంది డ్రైవరమ్మా, అది మనదగ్గరికి రాదు" అన్నాడు కండక్టరు.

ఆమె నవ్వలేదు, తిరిగి ఒక మాట అనలేదు. మా చెల్లెలు మాటకు మాట అనకుండా ఉండిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

చివరి స్టాపులో అందరూ దిగాక ఫోను తీసి నాకొక వీడియో చూపించింది. మంచు పట్టిన ఏటవాలు వీధి. ఒక బస్సు పైనుంచి వస్తోంది, వేగం లేదు, నడిచే మనిషి కంటే మెల్లగా వస్తోంది. చక్రాలు తిరగడం లేదు. డ్రైవరు వాటిని కుడికి తిప్పాడు, బస్సు ఎడమకే పోతోంది. చప్పుడు లేకుండా తీరుబడిగా పోయి ఆగి ఉన్న కార్లను ఒక్కొక్కటిగా నొక్కేసింది.

"ఆ డ్రైవరు తప్పేమీ చేయలేదన్నయ్యా. నేనైనా అదే చేసేదాన్ని" అంది. ఫోను జేబులో పెట్టుకుని రెండు చేతులూ తొడల కింద దాచుకుంది. "బ్రేకు వేస్తే ఆగుతుందన్న నమ్మకం మీదే ఇన్నేళ్ళూ నడిపాను. అది లేకపోతే నాకు వచ్చిందేముంది?"

"ఇంట్లో చెప్పు."

"ఏమని చెప్పను? దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఆయన చెప్పేశాడు, మా ఆవిడ ఆల్ప్స్ మీద తోలబోతోందని. నువ్వు మాత్రం చెప్పకుండా ఉన్నావా?"

నేనూ చెప్పాను. పాత మిల్లువాళ్ళందరికీ చెప్పాను.

ఆమె కళ్ళకు కొండరోడ్డు కంటే ముందు కనపడేది వెనక సీట్లో మనవరాలు. ఆ మాట ఆమె పూర్తిగా అనలేదు. "చిన్నది నా వెనకే కూర్చుంటానంది" అని ఆపేసింది. ఆ పూట తిరుగు ట్రిప్పంతా నేను ముందు కమ్మీ పట్టుకునే కూర్చున్నాను.

భయం ఎంతో చూసుకోవాలని ఆమే ఒక ఉపాయం చేసింది. డిపో వెనక బస్సులు కడిగే స్థలం ఉంది. నేల నున్నగా ఉంటుంది, ఒకవైపు గోడ. సెలవురోజు మేనేజరును అడిగి, నేర్పడానికి వాడే పాత బస్సు తీసుకుంది. మెకానిక్కు నేలంతా సబ్బునీళ్ళు పోశాడు. బావగారికి కబురు తెలిసి సంబరంగా వచ్చేశాడు.

"అక్కడికి పోకముందే మంచు చూపిస్తున్నారా డ్రైవరమ్మగారూ" అంటూ ముందు సీట్లో కూర్చున్నాడు. నేను ఆయన వెనక కూర్చున్నాను.

బస్సు పెద్ద వేగంగా పోలేదు. నురుగు మీదికి రాగానే ఆమె బ్రేకు తొక్కింది. బుస్సుమని గాలి చప్పుడైతే అయింది కానీ బస్సు ఆగలేదు. వెనక భాగం ముందుకు రావాలని చూసింది. కిటికీలో గోడ పెరిగిపోతోంది. ఆమె స్టీరింగు తిప్పుతోంది, అది తిరుగుతోంది, దానికీ చక్రాలకూ చుట్టరికం తెగిపోయినట్టుంది. నేను రంపం ముందు నిలబడి బతికినవాణ్ణి, అయినా కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బస్సు అడ్డంగా ఉంది, గోడకూ అద్దానికీ మధ్య నా చెయ్యి పట్టేంత జాగా ఉంది. బావగారి కళ్ళజోడు ఎక్కడికో పోయింది.

ఆయన వంగి సీటు కింద తడుముకున్నాడు. "సబ్బు వేరు, మంచు వేరులే."

"వేరే" అంది చెల్లెలు. ఇంకా స్టీరింగు వదల్లేదు. "సబ్బుకి అవతల గోడ ఉంది. మంచుకి అవతల లోయ."

ఆ సాయంకాలం మళ్ళీ ఆ బల్ల దగ్గరే కూర్చున్నాం. పటం ఎవరూ తియ్యలేదు. చెల్లెలు యూనిఫాంలోనే ఉంది.

"నాకు భయంగా ఉంది. మీ ముందు చెప్పడానికే ఇన్నాళ్ళు పట్టింది" అంది.

బావగారు బల్ల మీద లేని మెతుకులేవో ఏరుతున్నాడు. "మరి నేను అందరికీ చెప్పానే."

"చెప్పండి, భయపడిందని చెప్పండి. మీకు నోరు రాకపోతే దుకాణం ముందు నేనే నిలబడి చెప్తాను."

"అమ్మా, అయితే వద్దులే, మానేద్దాం" అంది మేనకోడలు.

"మానేద్దామనలేదు. మా డిపోలో ఎంత పాతవాడైనా కొత్త రూటు ఇచ్చిన రోజే తోలడు. ముందు ఆ దారిలో రోజూ తిరిగే డ్రైవరు పక్కన కూర్చుని ఒకసారి పోయి రావాలి. మలుపెక్కడ, వాలెక్కడ, ఎక్కడ కాలు తీస్తాడు, ఇవన్నీ చూసుకోవాలి. చూశాక తోలనని కూడా అనొచ్చు, ఎవరూ ఎందుకని అడగరు. అక్కడ నాకు దారి చూపించేవాళ్ళు ఎవరున్నారు?"

మేనకోడలు ఫోను తీసింది. వెతికి వెతికి తల ఎత్తింది. "కొండ కింద ఊరి నుంచి కనుమ మీదుగా అవతలి ఊరికి బస్సుంది. చలికాలం కూడా నడుస్తుంది."

"వ్యాను కింద ఊళ్ళో పెట్టి ముందు ఆ బస్సెక్కుతాను, ముందు సీట్లో. వచ్చాక చెప్తాను."

"తోలనంటావేమో" అన్నాడు బావగారు.

"అంటానేమో."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మనిద్దరం ఎక్కుదాం. నీ పక్కన నేను కూర్చుంటా" అన్నాడు.

"మీరు కూర్చుంటే రోడ్డు చూడనివ్వరు. కబుర్లు చెప్తారు. పిల్ల దగ్గరుండండి."

జనవరి మూడోవారంలో బయలుదేరారు. ప్రాగ్ నుంచి మనవరాలు ఫోన్లో మాట్లాడింది, "తాతయ్యా, నా ముక్కు నాకు తెలియట్లేదు" అంది. వియన్నాలో వ్యాను తీసుకున్నాక కొండల దాకా అంతా బాగానే ఉంది. చదును రోడ్లు, శుభ్రంగా ఉన్నాయట. చెల్లెలే నడిపింది. ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు. టీవీలో ఆ దేశాల వాతావరణం రాగానే మా ఆవిడ ఛానలు మార్చేసేది, నేను మళ్ళీ పెట్టేవాణ్ణి. కింద ఊరు చేరాక ఒక పగలంతా వాళ్ళ ఫోను రాలేదు. ఆ పగలు నేను ఏం చేశానని అడిగితే చెప్పలేను.

మొన్న చెల్లెలి గొంతు వినబడింది.

"పోయొచ్చానన్నయ్యా. నా వయసే ఉంటుంది ఆ డ్రైవరుకి, ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకి రాదు. నేను డ్రైవర్నని స్టీరింగు తిప్పినట్టు చూపిస్తే పక్క సీటు చూపించాడు. పైన ఒక మలుపులో బస్సు జారింది. కొంచెమే. ఆయన బ్రేకు తొక్కలేదు. కాలు పూర్తిగా తీసేసి ఊరుకున్నాడు, బస్సు దానంతటదే సర్దుకుంది. నా కాలు మాత్రం నేలను తొక్కేసింది. ఉన్న బలమంతా పెట్టి తొక్కేసింది. అది చూసుకుని అప్పుడే తెలిసిపోయింది."

"ఏం తెలిసింది?"

"ఆ కాలు మార్చుకోవడానికి నాకో చలికాలం పడుతుంది. పిల్లను వెనక కూర్చోబెట్టుకుని నేర్చుకునేది కాదు. వ్యాను ఇక్కడే అప్పగించేస్తున్నాం."

"బావగారేమన్నారు?"

"దుకాణంలో ఏం చెప్పాలో ఇప్పటినుంచే సాధన చేస్తున్నారు. మా ఆవిడ తోలనంది, అందుకే క్షేమంగా తిరిగొచ్చాం అని చెప్తారట."

ఆ మాట నేను అప్పుడే మిల్లువాళ్ళకు చెప్పాను. లైసెన్సు తర్వాత ఆమె చేసినవాటిలో ఇది దేనికి తీసిపోతుందో నాకు తెలియదు.

నా భయం మాత్రం పూర్తిగా తీరలేదు. ఇన్నాళ్ళూ నా చెల్లెలి చేతుల మీద పెట్టుకున్న భయాన్ని ఇప్పుడు ముక్కూమొహం తెలియని ఒక డ్రైవరు చేతుల్లో పెట్టాను. ఈరోజు పొద్దున నలుగురూ మూటాముల్లెతో ఆయన బస్సులోనే కనుమ దాటుతున్నారు. అవతల రైలెక్కి వెనిస్ చేరాక ఫోను చేస్తామన్నారు. ఇంకా చేయలేదు. ఫోను బల్ల మీద పెట్టుకుని ఇది రాస్తున్నాను. వాళ్ళు ఇంటికి రావలసింది ఫిబ్రవరి తొమ్మిదిన.