సుళ్ల మామ వాపసిచ్చిన వాటాలు

ఈ రోజుల్లో ఏ కంపెనీ వాటా కొంటే ఏడాది తిరిగేసరికి ఎంతవుతుందో చెప్పేవాళ్లు వీధికి నలుగురున్నారు. ఆ రోజుల్లో సూర్యాపేట మొత్తానికి అలా చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే. (ఈ బిరుదు ఎవరూ ఇవ్వలేదు, నేనే పుచ్చుకున్నాను.) పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది అది. నాకు ఇరవై రెండేళ్లు, బడిపంతులుగా కొత్తగా కుదిరాను. పని మీద కోదాడ వెళితే అక్కడొక కొట్లో, బలంగా పెరిగే కంపెనీని గుర్తుపట్టడం ఎలాగో చెప్పే చిన్న పుస్తకం దొరికింది. సరుకుకు గిరాకీ పెరుగుతూ ఉండాలి, నెత్తిన అప్పులు ఎక్కువ ఉండకూడదు, వచ్చిన లాభంలో కొంత మళ్లీ వ్యాపారంలోకే పోవాలి, నడిపేవాడు నిజాయితీపరుడై ఉండాలి. బంగారంలాంటి మాటలు, ఇప్పటికీ తప్పు పట్టలేను. కాకపోతే ఇవన్నీ ఉన్నాయో లేవో తెలుసుకునేదెలాగో అందులో రాయలేదు. దానికి నేనే ఒక పద్ధతి కనిపెట్టాను. మేనేజరునే అడగడం!

మా మేనమామది తుంగతుర్తి దగ్గర పల్లె. ఎద్దు ఒంటి మీది సుళ్లు చూసి దాని గుణం చెప్పేవాడు గనక అందరూ ఆయన్ను సుళ్ల మామ అనేవారు. ఆ ఎండాకాలం ముసలి ఎడ్ల జతను సూర్యాపేట అంగట్లో అమ్మేసి, మూడు వందల రూపాయలు మొలకు కట్టుకుని నా గదికి వచ్చాడు. వానలు పడేలోగా కోడెల జతను కొనాలని ఆయన ఆలోచన. నేనూరుకుంటానా? మిర్యాలగూడలో కొత్తగా పెట్టిన పల్లి నూనె మిల్లు వాటాలు అమ్ముతోందని చెప్పి, పుస్తకం తెరిచాను.

"ఎద్దు ముసలిదైతది మామా. కంపెనీ ఏడాదికేడాది పెరుగుతనే ఉంటది. వానల నాటికి ఒక జత కాదు, రెండు జతలు కొంటవు."

"మరి మేతో?"

"మేత అక్కర్లేదు."

"మేత లేకుంట పెరిగే జీవాన్ని నేనైతే సూడలే అల్లుడా," అన్నాడు మామ. కానీ చదువుకున్న అల్లుడి మాట తీసెయ్యలేకపోయాడు. "సూడు మల్ల. మొదటి వానకు ఎడ్లు లేకుంటే నా ఆరెకరాలు బీడే. పిల్లలు ఏం తింటరు?" అని ఒకటికి రెండుసార్లు చెప్పి లేచాడు.

మిల్లు మేనేజరు కోదాడ వైపు మనిషి, బంగారు రంగు కళ్లజోడు, తియ్యటి మాట. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే అడిగాను. "గిరాకీయా? తట్టుకోలేకపోతున్నామండీ!" అన్నాడు. "అప్పులా? రామ రామ! ఆ మాటే అనకండి," అన్నాడు. "నిజాయితీ సంగతా? మీరే చూస్తున్నారు కదండీ నన్ను," అన్నాడు. జవాబు జవాబుకూ నేను పెన్సిలుతో టిక్కు పెట్టుకున్నాను. మామ మాత్రం ఇంజను చుట్టూ మూడుసార్లు తిరిగి, దాన్ని మెల్లగా చరిచి, "ఏదీ, జర నడిపియ్యుండ్రి," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పల్లీలు ఇంకా రాలేదనీ, రేపో మాపో మొదలవుతుందనీ మేనేజరు సర్దిచెప్పాడు. "మంచిది. ఎనిమిది దినాలు సూస్తం," అన్నాడు మామ. "తప్పకుండా చూడండి," అని మేనేజరు నవ్వాడు. మామ మూడు వందలూ ఇచ్చాడు. నేను కొత్త జీతంలోంచి కూడబెట్టిన అరవై ఇచ్చాను.

ఆ 'ఎనిమిది దినాలు' అన్న మాట ఎంత పెద్దదో మేనేజరుకూ తెలియదు, నాకూ తెలియదు. అంగట్లో ఎద్దును కొన్నవాడు ఎనిమిది రోజులు నాగలికి కట్టి చూసుకుంటాడు. అది దుక్కిలో పడుకుందంటే తోలుకొచ్చి అప్పగిస్తాడు, అమ్మినవాడు కిక్కురుమనకుండా డబ్బు తిరిగిస్తాడు. మామ కంపెనీని ఆ లెక్కన కొన్నాడు!

మిల్లు నడవలేదు. తొమ్మిదో నాడు పొద్దున్నే అంగడి పెద్దమనుషులు ఇద్దరిని వెంటేసుకుని మామ నా గదికి దిగాడు. "పా అల్లుడా, వాపసిచ్చొద్దం."

"వాటాలు వాపసు తీసుకోరు మామా. సట్టం ఒప్పుకోదు."

"సట్టం సంగతి నాకెర్క లేదు. పండుకున్న ఎద్దును వాపసు తీసుకోనోడు అంగట్ల మల్ల మొకం సూపిస్తడా?"

మిర్యాలగూడలో బస్సు దిగాక, వాళ్లతో వచ్చినట్టు కనబడకుండా నేను పది అడుగులు వెనక నడిచాను. మేనేజరు నేను చెప్పిన మాటే ఇంకా తియ్యగా చెప్పాడు. మామ కోపం చెయ్యలేదు. "నడవలే. కాయితం గిదో. పైసలు గీడ పెట్టు," అని వరండాలో కూర్చుని చుట్ట ముట్టించాడు. పల్లీల ధర కనుక్కుందామని వచ్చిన రైతు ఒకడు సంగతి విని, "గదే గద పద్ధతి?" అని తనూ కూర్చున్నాడు. తర్వాత వచ్చినవాడూ అంతే. మధ్యాహ్నానికి ఇరవై మంది అయ్యారు. మిల్లుకు పల్లీలు రావలసింది వాళ్ల చేలలోంచే. మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, లోపలికి వెళ్లి మూడు వందలూ తెచ్చి మామ చేతిలో పెట్టాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"పంతులుగారూ, మీవి కూడా ఇచ్చెయ్యండి, ఒక్కసారే తేలిపోతుంది," అన్నాడు నా వైపు తిరిగి. "ఇయ్యిరా," అన్నాడు మామ. కాగితం నా జేబులోనే ఉంది. కానీ అందరూ నన్నే చూస్తున్నారు. "నేను వాటాదారుణ్ణి, ఎడ్ల బేరగాణ్ణి కాను. మంచి కంపెనీని కష్టకాలంలో వదలకూడదు," అన్నాను. మేనేజరు నన్ను చాలా జాలిగా చూశాడు. (అది గౌరవమని అప్పట్లో అనుకున్నాను.)

మొదటి వాన పడేనాటికి మిల్లుకు తాళం పడింది, మేనేజరు జాడ లేదు. తుంగతుర్తి వెళ్లేసరికి మామ కొత్త కోడెలతో దున్నుతున్నాడు. నన్ను చూసి నాగలి ఆపాడు.

"పోయినయా?"

"పోయినయి మామా."

ఎగతాళి చేస్తాడని చెవులు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. చెయ్యలేదు. "అడుగుతె ఇస్తుండె గదరా. అడుగనీకె సిగ్గయిందా బిడ్డా?" అన్నాడు, అంతే. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఇప్పుడు ఆ కుర్ర పంతుల్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఆ వరండాలో ఇరవై మందీ మామ మూడు వందలతో పాటు వాడి అరవై రూపాయలూ వాడికి దక్కాలనే చూస్తున్నారు. వాడొక్కడే, అయ్యో పాపం ఈ అమాయకులకు వాటా అంటే ఏమిటో తెలియదే అని, వాళ్ల కోసం బాధపడుతూ నిలబడ్డాడు.