కింది గది అడిగాను

మెట్లంటే నాకు భయం లేదు, కోపం. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఎడమ కాలు చచ్చుబడింది. ఇనుప పట్టీల బూటు, చేతికర్ర ఉంటే చదునైన నేల మీద ఎంత దూరమైనా నడుస్తాను. మెట్టు ఎదురైతే మాత్రం ఎవరో ఒకరు వచ్చి చంక కింద చెయ్యేసి లేపబోతారు. అడగకుండా వచ్చే ఆ చెయ్యి మీదే నా కోపమంతా.

పీజీకి పెనుకొండ దగ్గర ఒక యూనివర్సిటీలో సీటొచ్చింది. ధర్మవరం నుంచి రోజూ రైలెక్కి దిగడం నా వల్ల కాదు కాబట్టి హాస్టల్ తప్పలేదు. అక్కడ అమ్మాయిల గదులన్నీ మేడ మీద. కింద ఆఫీసు, సామాన్ల గది, జ్వరమొచ్చినవాళ్ళను పడుకోబెట్టే ఒక చిన్న గది. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, అడిగాను. కింద గది కావాలి, కమోడ్ కావాలి, లేచేటప్పుడు పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ కావాలి.

వార్డెన్ మేడమ్ నా వికలాంగుల సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంతవరకూ ఈడ ఎవురూ ఇట్లా అడగలేదమ్మా" అంది. అడగాల్సినవాళ్ళు గేటు దాకా వచ్చి వెనక్కి పోయి ఉంటారు మేడమ్ అని నోటి చివరి దాకా వచ్చింది. అవసరం నాది కాబట్టి మింగేశాను. కానీ ఆమె మనసున్న మనిషి. వారం తిరక్కుండానే ఆ చిన్న గది ఖాళీ చేయించి, కమోడ్, కడ్డీ పెట్టించి నాకిచ్చింది.

సామాన్లు మోసుకొని నాయన వచ్చాడు. మాది పట్టుచీరలు నేసే ఇల్లు. ఒక్క మంచం, ఒక్క బల్ల, సొంత బాత్రూము చూసి నాయన సంబరం ఇంతా అంతా కాదు. "ఆఫీసర్ల రూము మాదిరి ఉండాదే. మేడమ్, మీకు దండం పెడతా" అన్నాడు. తర్వాత మెస్ చూపించమన్నాడు. అది పక్క బిల్డింగులో ఎత్తు అరుగు మీద ఉంది. మెట్లకు పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇక్కడ కూడా ఒక కడ్డీ అడుగుదామని నేను నోరు తెరిచేలోపే నాయన అందుకున్నాడు. "ఇంకొక్క మాట మేడమ్. నా బిడ్డకు బువ్వ రూముకే పంపిస్తే పుణ్యముంటాది." దానికేం భాగ్యం అంది మేడమ్.

నాయన నోట ఆ మాట ఎందుకొచ్చిందో మగ్గం ఇంట్లో పుట్టినవాళ్ళకు తెలుస్తుంది. గుంతలో కాళ్ళు పెట్టుకొని మగ్గం ముందు కూర్చున్న మనిషి ఊరికే లేవడు. పెద్ద అంచు చీరైతే ఇద్దరు కూర్చోవాలి, ఒకరు లేస్తే ఇద్దరి పనీ ఆగుతుంది. అందుకని అన్నం, నీళ్ళు వాళ్ళ దగ్గరికే పోతాయి. చీర మీద మెతుకు పడకుండా వెనక్కి తిరిగి గుంత గట్టు మీదే తింటారు. కూర్చున్నచోటికి బువ్వ తేవడం మా ఇళ్ళలో మర్యాద. అంచు వైపు అమ్మకు తోడు కూర్చున్న రోజుల్లో నాకూ ఆ మర్యాద జరిగింది. అక్కడ నా కాలు సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. మగ్గం దగ్గర అందరి కాళ్ళూ గుంతలోనే కదా.

హాస్టల్లో మూడు పూటలా మెస్సులో పనిచేసే ఆయమ్మ క్యారియర్ తెచ్చి బల్ల మీద పెట్టి పోయేది. పాపం, ఆమెకు నిలబడే తీరిక ఉండేది కాదు. అమ్మాయిలు నా కిటికీ ముందు నుంచే మెస్సుకు పోయేవాళ్ళు. కాసేపటికి అక్కడి నుంచి ప్లేట్ల చప్పుడు, ఆ వెనకే నవ్వులు. దేనికి నవ్వుతున్నారో తెలుసుకోవాలని నాకు ఎంత ఆశగా ఉండేదో! కలిపిన ముద్ద చేతిలో పట్టుకొని వింటూ ఉండిపోయేదాన్ని, మాటలు మాత్రం అందేవి కావు. క్లాసులో అందరూ పలకరించేవాళ్ళు. కానీ క్లాసులో దొరికేవి నోట్సుల మాటలు, పరీక్షల మాటలు. ఎవరికి ఎవరి మీద అలకో, ఎవరి అవ్వకు ఒంట్లో బాగాలేదో, అవి అన్నాల దగ్గరే దొరుకుతాయి. ఆ మాటల కోసం మొహం వాచిపోయాను.

మొదటి ఏడాదంతా అట్లాగే గడిచింది. రెండో ఏడాది మొదట్లో ఇక ఉండబట్టలేక మేడమ్ దగ్గరికి పోయి, క్యారియర్ వద్దని, మెస్ మెట్లకు కడ్డీ పెట్టించమని అడిగాను.

"మీ నాయనే కదమ్మా రూముకు పంపమన్నది? రేపు ఆ మెట్ల మీద పడితే ఆయనకు నేనేం చెప్పల్ల? ఆయనతోనే చెప్పించు" అంది.

నా తిండి గురించి నా మాట చెల్లలేదు. ఒళ్ళు మండింది. గదికొచ్చి నాయనకు ఫోన్ చేశాను.

"ఏంమా, బువ్వ సల్లారి వస్తాందా?" అన్నాడు.

"బువ్వ బాగానే వస్తాంది నాయనా. మనుషులే రావడం లేదు."

అవతల మగ్గం చప్పుడు ఆగింది. తర్వాత, "పొద్దున్నే వస్తాండా" అని పెట్టేశాడు.

అన్నట్టే వచ్చాడు. మేడమ్ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "తప్పు నాది మేడమ్. మా ఇండ్లల్లో మగ్గం కాడికి బువ్వ తెచ్చినోళ్ళు, తినేదాంక ఆడ్నే కూర్చోని మాట్లాడతారు. ఈడ కూడా అంతేననుకున్యా. ఇంకమీద నన్ను అడగొద్దండి, నా బిడ్డ ఏం చెప్తే అది చేయండి. పడితే లేస్తాది." మేడమ్ నా వైపు చూసి, కడ్డీ కోసం పై ఆఫీసుకు రాస్తానంది. అది వచ్చేసరికి చాలా నెలలు పట్టింది.

నేను మాత్రం ఆ సాయంత్రమే మెస్ మెట్ల దగ్గరికి పోయాను. మా క్లాసులోనే చదివే హిందూపురం అమ్మాయి వెనకే వస్తూ నన్ను చూసి ఆగింది. "నువ్వు నా భుజం పట్టుకుంటావా, లేకుంటే నేను నిన్ను పట్టుకోవల్లా?" అని అడిగింది. నన్నట్లా అడిగిన మొదటి మనిషి తనే. భుజం పట్టుకొని ఎక్కాను. బెంచీ మీద అందరూ కాస్త జరిగి చోటిచ్చారు. అప్పటికే సాంబారు గురించి తగువు నడుస్తోంది. రుచి చూసి తీర్పు చెప్పమని గిన్నె నా ముందుకు తోశారు. సాంబారు నిజంగానే నీళ్ళు. అయినా రెండుసార్లు పోయించుకున్నాను.

చేతులు కడుక్కునేటప్పుడు హిందూపురం అమ్మాయి మెల్లగా అడిగింది. "ఏమీ అనుకోవద్దు. పోయినేడంతా హాస్టల్లో మేము పలకరిస్తే నీకు ఇబ్బందా?"

"ఇబ్బందేంది?"

"వేరే రూము నువ్వే అడిగినావంట. బువ్వ కూడా ఒంటిగా తింటానన్నావంట. ఆ పాప జోలికి పోవద్దండని మేడమ్ మాకు ముందే చెప్పింది. అందుకే నీ కిటికీ కాడికొస్తే గొంతు తగ్గించేటోళ్ళం. ఎన్నిసార్లు నిన్ను పిలుద్దామనుకున్యామో."

కొళాయి కట్టేయడం కూడా మర్చిపోయి నిలబడిపోయాను. నేను అడిగింది కింద గది, అంతే. అది మేడ మీదికి పోయేసరికి, ఎవరూ వద్దన్న మాటగా మారింది.

చదువైపోయి అందరం తలో దిక్కుకూ పోయాం. రెండో ఏడాది నాకు దక్కింది, లేదనను. అయినా మనసు మాత్రం మొదటి ఏడాది దగ్గరికే పోతుంది. పిలుద్దామనుకొని నా కిటికీ దాటి వెళ్ళిపోయిన ఆ పిలుపులన్నీ నాకు ఇప్పటికీ కావాలి.