తెర మీద ఆమె వీపు

మంగళవారం ఉదయం ఏడు గంటలకు ఢిల్లీ పక్కన వైశాలిలో మా ఎదురు ఫ్లాట్ ఆంటీ గుండెపోటుతో చనిపోయారు. వయసు ఎనభై దాటింది. ఆవిడ నాకు చెప్పిన ఒక సంగతి నిజమో కాదో తేలకుండానే వెళ్లిపోయారు.

ఆవిడది గుంటూరు వైపు రోమన్ కాథలిక్ కుటుంబం. ఢిల్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయాక కూతురి దగ్గరే ఉండేవారు. ఎవరినీ తొందరగా నమ్మే మనిషి కాదు. తలుపు గొలుసు తీయకుండానే డెలివరీ కుర్రాళ్లను "కిస్‌నే భేజా? క్యోం భేజా?" అని, ఎవరు పంపారో ఎందుకు పంపారో చెప్పేదాకా నిలదీసేవారు. కూతురు చేతికిచ్చిన మాత్రయినా సరే, రేకు మీద పేరు చదివాకే మింగేవారు. "నమ్మకం దేవుడి మీద పెట్టాలయ్యా, మిగతావాళ్ల మీద కన్ను పెట్టాలి" అనేవారు.

నేను పత్రికా విలేఖరినని తెలిశాక కొన్నాళ్లు ఆ గొలుసు నాకూ తప్పలేదు. తర్వాత నా బీపీ బాధ్యత ఆవిడే తీసుకున్నారు. నేను కొన్న మిషన్‌ను ఆవిడ నమ్మలేదు. స్టెతస్కోప్ తెచ్చుకుని, కళ్లు మూసుకుని విని, "నీ మిషన్ అబద్ధం చెబుతోంది, డాక్టర్ దగ్గరికి వెళ్లు" అన్నారు. వెళ్లాను. మందులు మొదలయ్యాయి. ఇవాళ కుదురుగా కూర్చుని ఇది రాస్తున్నానంటే అందులో ఆవిడ వంతు ఉంది.

రెండు చలికాలాల కిందట బాల్కనీ ఎండలో ఆవిడ పచ్చిబఠానీలు ఒలుస్తుంటే, తెలుగులో తొలినాళ్ల అడవి సాహస చిత్రం ఒకదాని గురించి రాస్తున్నానని మాటల్లో చెప్పాను. ఆవిడ తల ఎత్తలేదు.

"అందులో కొండ మీంచి ఏట్లోకి దూకింది హీరోయిన్ కాదు" అన్నారు.

"మరెవరు?"

"నేను."

నర్సింగ్ చదువుకని మద్రాసు వెళ్లి పిన్ని ఇంట్లో ఉన్నారట. ఆ పిన్ని స్టూడియోలో హీరోయిన్లకు జడలు వేసేది. ఆ సినిమా హీరోయిన్‌కు ఈత రాదు. అదే ఒడ్డూ పొడుగూ ఉండి, ఈత వచ్చిన అమ్మాయి కావాలన్నారు. పిన్ని ఈవిణ్ని తీసుకెళ్లింది. అడవంతా స్టూడియోలో వేసిన సెట్టే. అరటిచెట్లు, కొబ్బరితాడుతో పేనిన ఊడలు. ఏరు మాత్రం నిజమైనది.

"మరి పులి?" అన్నాను.

"పులి ఎక్కడిదయ్యా! ముసలి చిరుత ఒకటి, బోనులో నిద్రపోతా ఉండేది. దాన్ని లేపడానికి ఒకడు డబ్బా కొట్టేవాడు."

"మీకేం నేర్పారు?"

"డూపుకి ఒకటే పాఠం. ముఖం తిప్పావా, షాటు పోయింది."

నాకు చిక్కు వచ్చింది అక్కడే. ముఖం కనిపించకుండా చేయడమే పనైతే, ఆ పని ఫలానా మనిషి చేసిందని రుజువు ఎలా? సినిమా టైటిళ్లలో డూపుల పేర్లు లేవు. ఆ పిన్ని ఎప్పుడో పోయింది. ఫోటో తీయబోతే ఆంటీ ముఖం పక్కకు తిప్పుకునేవారు. దాన్ని సాక్ష్యం అనుకోబోయి మానుకున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది ఆంటీలు అలాగే తిప్పుకుంటారు.

ఇంకోరోజు ఆవిడే ఒక ఆనవాలు చెప్పారు. "దూకే ముందు సిలువ గుర్తు వేసుకున్నానయ్యా. నాకది అలవాటు, కాలవలో దిగినా అంతే, పరీక్షకి కూర్చున్నా అంతే. సినిమాలోనేమో నేను కొండదేవరకి మొక్కే అడవిపిల్లని! మళ్లీ దూకమన్నారు. దూకనన్నాను. సరే, ఆ ముక్క కోసేస్తాంలే అన్నారు."

సినిమా విడుదలయ్యేనాటికి ఆవిడ ఢిల్లీ వచ్చేశారు. భర్త దృష్టిలో సినిమా పాపం. ఆయనకు ఈ సంగతి చెప్పలేదు, సినిమా చూడనూలేదు.

ఇంటర్నెట్‌లో అరిగిపోయిన ప్రింటు ఒకటి దొరికింది. కొండ అంచున ఒక అమ్మాయి, మనకు వీపు పెట్టి నిలబడి ఉంది. కుడి మోచెయ్యి పైకి లేచి దిగింది. ఎడమ భుజం మీద వేళ్ల కొసలు కనిపించాయి. వెంటనే దూకేసింది. ఆ ముక్క కోయలేదు.

అయినా నా అనుమానం పోలేదు. ఆ అమ్మాయి దోమను తోలుకుని ఉండవచ్చు. ఆ ప్రింటు చాలాకాలంగా అందరికీ అందుబాటులో ఉంది. ఎవరైనా చూసి కథ అల్లవచ్చు. అందుకే ఒక ఆదివారం కూతురి లాప్‌టాప్‌లో ఆంటీకి ఆ సినిమా పెట్టి, తెరను వదిలి ఆవిణ్నే చూస్తూ కూర్చున్నాను. చిరుత వచ్చినప్పుడు నవ్వారు. కొండ అంచు వచ్చేసరికి కుర్చీ చెయ్యి మీద గట్టిగా కొట్టారు.

"కోసేస్తామన్నారే! దొంగ సచ్చినోళ్లు! ఊరూరా ఇదే చూపించారా?"

"మమ్మీ, సచ్‌మే, నిజంగా అది నువ్వేనా?" అంది కూతురు.

"నేను కాకపోతే మీ నాన్నా?"

తర్వాత నా వైపు తిరిగి "రాస్తావా?" అన్నారు. ఇంకో సాక్ష్యం కావాలన్నాను. నొచ్చుకుంటారనుకున్నాను.

"మంచిదే. నువ్వు ఊరికే నమ్మేస్తే నేను నిన్ను నమ్మను" అన్నారు.

ఆ సాక్ష్యం దొరకలేదు. నేను రాయలేదు.

బుధవారం సమాధి కార్యక్రమం ముగించి వచ్చాక కూతురు మా ఇంటికి వచ్చింది. స్కూల్లో టీచరు ఆమె. తెలుగు బాగానే వచ్చు గానీ కంగారులో హిందీ దొర్లుతుంది.

"భయ్యా, సండే పూజ తర్వాత చర్చిలో మమ్మీ గురించి నేను మాట్లాడాలి. ఇది చెప్పనా వద్దా? ఝూట్ నికలా తో, అబద్ధమని తేలితే? అందరి ముందు మమ్మీ అబద్ధాలకోరు అవుతుంది. చెప్పకపోతే మనిద్దరితోనే పోతుంది."

నా దగ్గర ఉన్నవి చెప్పాను. సినిమాలో ఆ గుర్తు ఉంది. నేను చూడకముందే ఆవిడ దాని గురించి చెప్పారు. అక్కడ దూకింది తానేనని ఇంకెవరూ చెప్పుకున్నట్టు దొరకలేదు. లేనిది కూడా చెప్పాను: ఆవిణ్ని అక్కడ చూసిన మనిషి.

"జడ్జిలాగా మాట్లాడకండి. మీరు నమ్ముతున్నారా?"

"సగానికి పైన."

"మమ్మీ అయితే అదే ఎక్కువనేది" అని నవ్వి, కళ్లు తుడుచుకుంది. తర్వాత అంది: "గుంటూరు నుంచి మామయ్య వస్తున్నారు. చిన్నప్పుడు ఇద్దరూ కాలవలో ఈదేవాళ్లట. గట్టు మీంచి ఎప్పుడూ మమ్మీ ముందు దూకేది, వెనక మామయ్య. సినిమా సంగతి ఆయనకి అస్సలు తెలీదు. ముందు ఏమీ చెప్పొద్దు. ఆ ముక్క ఒక్కటే పెట్టి, ఎవరు మామయ్యా అని అడుగుదాం. బస్, అంతే."

సాక్షి నోట్లో జవాబు పెట్టకుండా అడిగే ప్రశ్న అది. నేను దానికి ఒక్క మాటా చేర్చలేదు. తల్లి పెంపకం ఎలాంటిదో మాత్రం నాకు అప్పుడు అర్థమైంది.

మామయ్య రైలు శనివారం మధ్యాహ్నం న్యూఢిల్లీ చేరాలి. భోజనాలయ్యాక లాప్‌టాప్ తెరుస్తారు. ఆదివారం పది గంటల పూజ తర్వాత కూతురు మైకు ముందుకు వెళ్తుంది. ఏం మాట్లాడాలో రెండు విధాలుగా రాసి పెట్టుకుంది. ఒకదానిలో ఏరు ఉంది. రెండోదానిలో లేదు.