నల్లరాయికి ఎగువ పక్క

పదకొండేళ్లుగా ఈ మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోతే, లేని తప్పు మీద వేసుకుంటున్నాననుకుని, సారుది పెద్ద మనసని మళ్లీ నన్నే మెచ్చుకుంటారు. ఆ మెప్పులతోనే విసుగొచ్చింది.

బోరు వేసే చోటు చూపించడం నా పని. దానికోసం భూగర్భశాస్త్రం చదివాను. అక్కన్నపేట దగ్గర రాజయ్య అనే రైతు పిలిచాడు. బావి ఎండింది, పత్తి వాడుతోంది, ఒక్క బోరుకే తాహతు ఉంది, అది తప్పితే చేను అమ్మాల్సిందే. ఇదంతా నాకు ముందే చెప్పాడు.

నేను వెళ్లేసరికి చాంద్‌మియా అనే ముసలాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, కాయ లేచి నిలబడ్డ చోట సున్నంతో గుర్తు పెట్టి ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది. నన్ను పిలిచి, కాయనూ పిలుస్తారా?

చేను మధ్యలో గ్రానైట్‌ను కోసుకుంటూ నల్లరాళ్ల వరుస ఒకటి పోతోంది. మనిషి పుట్టడానికి ఎంతో ముందు ఈ నేల సాగి సాగి చీలింది. లోపల కరిగిన రాయి ఆ చీలికలోకి ఎగదన్ని గట్టిపడింది. అగ్నిపర్వతాలకు లావా ఎక్కేది ఇలాంటి దారుల్లోనే. నేల రెండుగా విడిపోబోయి ఎందుకో మానుకుంది, ఈ రాతిగోడ మిగిలింది. వాలున దిగివచ్చే ఊట దానికి తగిలి ఎగువనే ఆగిపోతుంది. దిగువ పొడి. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. సున్నం గుర్తు సరిగ్గా ఎగువనే ఉంది.

అక్కడే చూపిస్తే కాయ గెలిచినట్టు. నేను దిగువన చూపించాను.

నీళ్లు పడవని తెలుసా? తెలుసు. ఏమో, పడతాయేమో అనుకున్నానని ఇన్నేళ్లూ నన్ను నేను నమ్మించుకోవాలని చూశాను, కుదరలేదు. ఆ క్షణాన నా బుర్రలో ఉన్నదల్లా ఆ ముసలాయన ముందు కాయ మాటకు తలూపకూడదనే. నా చదువు తగలెయ్య!

బోరులో దుమ్ము లేచింది. చివరిదాకా దుమ్మే.

"మీరేం జేస్తరు సారూ, నా నసీబు గట్లుంది," అన్నాడు రాజయ్య. తిట్టొచ్చు కదా! కాయ మాట వింటే ఇంకెంత మునిగేవాడినో అని కూడా అన్నాడు. ఆ తర్వాత చాంద్‌మియాను ఆ ఊళ్లో ఎవరూ పిలవలేదు.

చేను అమ్ముడుపోయింది. కొన్నాయన ఎగువన బోరు వేస్తే నీళ్లు ఎగజిమ్మాయి. రాజయ్య ఇప్పుడు అదే చేనులో కూలి. మోటరు వేసేది అతనే. నీళ్లు పడటం కొన్నాయన అదృష్టమంటాడు.

పోయిన నెల హుస్నాబాద్ నుంచి వస్తూ అక్కడ ఆగాను. చెప్పేద్దామనే ఆగాను. నన్ను చూసి చెంబు నిండా ఆ బోరు నీళ్లే పట్టుకొచ్చాడు.

"తాగుండ్రి సారూ. మస్తు తియ్యగున్నయి."

తాగాను. తియ్యగానే ఉన్నాయని చెప్పి వచ్చేశాను. ఇవాళ మీకు చెప్పాను, గొంతు కాస్త వదులైంది. అంతకు మించి ఏమీ కాలేదు. రాజయ్య ఈపాటికి మోటరు వేసి, తన నసీబునే తిట్టుకుంటూ ఉంటాడు.