సోమందేపల్లె దగ్గర అన్యభాషలు

పక్క మనిషి మాట తడబడితే మీరు ముందు ప్రార్థన చేస్తారా, నోట్లో చక్కెర వేస్తారా?

షుగర్ జబ్బున్న నేను ఇన్సులిన్ వేసుకుని, టిఫిన్ తినకుండానే మా సంఘం వ్యాన్‌లో హిందూపురం ప్రార్థన కూటానికి బయల్దేరాను. సోమందేపల్లె దగ్గర చెమటలు పట్టి, ఏదేదో గొణిగాను.

"ఆత్మ దిగి అన్యభాషలు మాట్లాడుతాండాది, స్తోత్రం!" అంటూ పాస్టరమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. అందరూ అందుకున్నారు. ఆత్మ దిగిందో, ప్రాణం పోతోందో నాకే తెలియలేదు.

డ్రైవర్ బండి ఆపాడు. "ఏమక్కా, షుగర్ పడిపోతే మా నాయనకూ ఇట్లే అయితాది. మీ స్తోత్రం తర్వాత, ముందు చక్కెర పెట్టండి!" అని పాస్టరమ్మ మీద అరిచి, టీ కొట్టు నుంచి తెచ్చిచ్చాడు. తిన్నాక తేరుకున్నాను.

నేను దేవుణ్ణి వదల్లేదు, ప్రయాణాలూ మానలేదు. ఆ రోజు ఆయన చప్పట్లలో ఉన్నాడా, చక్కెరలో ఉన్నాడా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మీరు మాత్రం ఈరోజే బైబిలు సంచిలో చక్కెర పొట్లం పెట్టుకోండి.