సుభద్రను అమ్మమ్మకు చూపించడానికి కటకం దాకా

కటకంలో వియ్యపురాలికి జబ్బు ముదిరిందనీ, మనవరాలి గొంతు ఒక్కసారి వినాలంటోందనీ కబురొచ్చింది. మా కోడలు ఒడియా మనిషి. ఆమె జ్వరంతో పోతే, నాలుగేళ్ల సుభద్రను నిరుడు అమ్మమ్మ దగ్గర్నుంచి చోడవరం తెచ్చుకున్నాం. వచ్చిన కొత్తలో రెండు నెలలు పిల్ల నోరు విప్పలేదు. మా అబ్బాయికి సెలవు దొరక్క, తీసుకెళ్లే పని నా మీద పడింది.

మధ్యాహ్నం మూడింటి బస్సెక్కాం. చెరకు ఆడే రోజుల్లో బయల్దేరేవారు రెండో సీటు మీద ఆశ పెట్టుకోవద్దు. అనకాపల్లి దాకా పిల్ల నా ఒళ్లోనే. పక్కనున్న వడ్డాది బెల్లం వర్తకుడు మా సంగతంతా విని, "గుంట భలే మాటాడతంది బాబూ! ఒడియా పిల్లకి తెలుగు ఎవులు నేర్పేరు?" అన్నాడు.

"నేనే. పలక పట్టించి నేర్పేను. నాకు ఒడియా కూడా గడగడా వచ్చు."

అబద్ధం. పలక చూస్తే పిల్ల పారిపోయేది. వీధి పిల్లల వెనక తిరిగి తిరిగి, ఒకనాడు గచ్చకాయల ఆటలో, "ఒసే, తొండాట ఆడకే, నా వంతు నాకియ్యే!" అని అరిచింది. ఊరంతా చెప్పుకుని మురిశాను. లోపల పాత మాటలు జారిపోతున్నాయని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇక నా ఒడియా అంటారా, మంచినీళ్లు అడగగలను.

అనకాపల్లిలో సాయంత్రం బండి, మూడో తరగతి. కంట్లో బొగ్గునుసి పడకుండా ఇంజనుకు వీపు పెట్టి కూర్చోవాలి. వాల్తేరులో ఇంజను రెండో కొసకు మారుతుంది, అక్కడ మీరూ చోటు మారండి. పులిహోర పొట్లం తిని పడుకున్నాం. మర్నాడు పదింటికి కటకం, అక్కణ్ణుంచి రిక్షా.

వియ్యపురాలు మంచం మీద లేచి కూర్చుంది. పిల్లను దగ్గరికి లాక్కుని ఏదో అడిగింది. మళ్లీ అడిగింది. సుభద్ర నా పంచె పట్టుకుంది.

"తాతా, ఏటంతంది?"

"బెల్లం తెచ్చేవా అని అడుగుతంది," అన్నాను. ఏమందో నాకేం తెలుసు!

ఆవిడ సన్నగా జోలపాట ఎత్తుకుంది. సగంలో ఆపి, మిగతాది పిల్ల అందుకుంటుందని ఎదురుచూసింది. సుభద్ర ఆవిడ నోటికేసి చూసి నవ్వి ఊరుకుంది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాటి బండికే తిరుగుముఖం పట్టాం. కటకంలో బసకూ భోజనానికీ లోటు లేదు. భాష తెలిసిన మనిషిని మాత్రం వెంట తీసుకెళ్లండి.

బండి కదిలాక సుభద్ర అడిగింది: "తాతా, ఆ ముసిలమ్మకింకా మాటలు రాలేదేటి?"

ఎదుటి బల్ల మీద సోంపేట వెళ్లే ఆసామి నవ్వాడు. "ముసిలమ్మగారు ఒడియావోళ్లేటి బాబూ? మీకొచ్చా ఆ బాస?"

"రాదు," అన్నాను.