మూడో కిటికీ దగ్గరి ఉయ్యాల

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. తాయెత్తులు అమ్మేవాడితో పుంగనూరు సంతలో చొక్కా చినిగేదాకా కొట్లాడినవాణ్ణి. బడి మొహం చూడలేదు. పట్టుగూళ్ళ బుట్టల అడుగున పరిచిన పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. కంటికి కనబడనిదాన్ని నమ్మను. అందుకే కంటికి కనబడినదాన్ని రాస్తున్నాను.

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన ఒక రీలింగు ఫ్యాక్టరీ ఉండేది. పట్టుగూళ్ళను ఉడుకునీళ్ళ తొట్లలో వేసి దారం తీసే చోటు. కుప్పం, వెంకటగిరికోట వైపు నుంచి గూళ్ళు వచ్చేవి. నేను బాయిలర్‌కు కట్టెలు వేసేవాణ్ణి. అది మూతబడి చాలా ఏళ్ళయింది.

ఈమధ్య దాన్ని లాఫ్ట్ అపార్ట్‌మెంట్లు చేసి అమ్మకానికి పెట్టారు. ఎర్ర ఇటుక గోడలకు సున్నం వేయరు, ఇనుప దూలాలు అట్లే కనబడతాయి. అదే లగ్జరీ అంట! మా చెమట ఇంకిన గోడలకు వార్నీషు పూశారు. వాళ్ళ రంగుల కాగితంలో 'ఒకప్పటి ఖాళీ గోడౌను' అని అచ్చేశారు. అరవై తొట్లు, అరవైమంది ఆడవాళ్ళు. ఖాళీ అంట! ఇంట్లో ఆ కాగితం నలిపి విసిరికొట్టాను.

మా అమ్మాయి సుమతి దాన్ని తీసి మళ్ళీ సాపు చేసుకుంది. అది నర్సు. రాత్రి డ్యూటీలు చేసీ చేసీ నిద్ర పోగొట్టుకుంది. మాత్ర మింగినా రెండు గంటలకే లేచి కూర్చుంటుంది. సొంత ఇల్లు ఉంటే నిద్ర పడుతుందని దాని ఆశ. ఆ బిల్డింగులోనే ఒక ఫ్లాటు ఎంచుకుంది. నేను వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు.

నా భార్య చెంగమ్మ, సుమతికి ఏడాది నిండకముందే జ్వరంతో పోయింది. ఆమె ఆ ఫ్యాక్టరీలోనే తొట్టి దగ్గర కూర్చునేది. గూళ్ళ లోపల ఉడికిన పురుగుల వాసన ఒంటికి పట్టేస్తే ఎంత తోమినా పోదు. ఆ పనివాళ్ళ ఇళ్ళతో వియ్యమంటే జనం ముక్కు మూసుకునేవాళ్ళు. అందుకని సుమతి పెళ్ళి మాటలప్పుడు, మా ఆమె ఇంటిపట్టునే ఉండేదని చెప్పాను. ఆ పెళ్ళి కుదరలేదు గానీ, అబద్ధం అట్లే నిలిచిపోయింది. కూతురికి కూడా నిజం చెప్పలేదు.

ఫ్లాటు చూడటానికి మధ్యాహ్నం మూడింటికి పోయాం. అమ్మేవాళ్ళ మనిషి, టై కట్టుకున్న నడివయసాయన, తలుపు తీశాడు.

"సూడు పెద్దాయనా, ఇట్లాంటి కిటికీలు బెంగుళూరులో గూడా దొరకవు."

"నేను తుడిచిన కిటికీలేలేప్పా ఇవి."

"అట్లైతే నీకు స్పెషల్ రేటిస్తాములే!" అని నవ్వాడు.

తలుపు దగ్గర నుంచే కిటికీలు వరసగా లెక్కపెట్టాను. మూడోది చెంగమ్మది. సరిగ్గా దాని ముందే, చూసేవాళ్ళను మురిపించడానికి, దూలం నుంచి ఒక కేను ఉయ్యాల వేలాడదీశారు. సుమతి పోయి అందులో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పడమటి ఎండ పలచని మజ్జిగలాగా నేలమీద పరుచుకుంది. రోడ్డుమీద టమోటా లారీల మోత నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుంది.

ఉయ్యాల కదిలింది. కిటికీలు బిగించి ఉన్నాయి. కరెంటు ఇంకా ఇవ్వలేదు. నేనూ ఆ టై ఆయనా తలుపు దగ్గరే ఉన్నాం.

రెండు ఊపులు. ఆగడం. మళ్ళీ రెండు ఊపులు. ఆగడం. ఎవరో పట్టి నిలిపినట్టు ఆగేది.

ఆ నడక నాకు తెలుసు. రీలింగులో తల్లుల చేతులు రెండూ తొట్టిమీదే ఉంటాయి. బిడ్డను చీర ఉయ్యాలలో వేసి దూలానికి కట్టి, దాని తాడు కాలి బొటనవేలికి చుట్టుకునేవాళ్ళు. చేత్తో దారం, కాలితో ఉయ్యాల. పోగు తెగితే, కొత్త పోగు అందించేదాకా కాలూ ఆగుతుంది. ఒక్కొక్కరిది ఒక్కో నడక. చెంగమ్మది రెండు ఊపులు, ఒక ఆగడం. బాయిలర్ దగ్గర నుంచి రోజూ చూసేవాణ్ణి.

అప్పుడు వాసన వచ్చింది. ఉడికిన పురుగుల వాసన. టై ఆయన ముక్కుకు కర్చీపు అడ్డం పెట్టుకున్నాడు.

"డ్రైనేజీ... సరిజేపిస్తాములే," అన్నాడు గానీ కళ్ళు ఉయ్యాల మీదే ఉన్నాయి.

సుమతి నిద్రపోయింది. నోరు కొంచెం తెరిచి, పసిబిడ్డలాగా.

"లేపేదా?" అన్నాడాయన, గుసగుసగా.

"వద్దప్పా. ఉండనీ."

ఎండ గోడెక్కేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం. తర్వాత ఉయ్యాల ఆగింది. సుమతి కళ్ళు తెరిచింది.

"నాయనా, ఇట్లా నిద్రపోయి ఎన్నేండ్లాయెనో! నువ్వేనా ఊపుతాండింది?"

"నేను ఈడనే ఉండాను గదమ్మా."

"మరెవురు?"

వద్దని చెప్పడానికి పోయినవాణ్ణి, ఆ నేలమీదే కూలబడి చెంగమ్మ సంగతి అంతా చెప్పేశాను. తొట్టి, తాడు, వాసన, నా అబద్ధం. సుమతి ఉయ్యాల దిగి నా ఎదురుగా కూర్చుంది.

"ఖాళీ అని రాసినోని మింద అంత ఎగిరితివే నాయనా," అంది. "మరి నువ్వు జేసిందేంది?"

 

ఫ్లాటు తీసుకుంది. ఉయ్యాలను అట్లే ఉంచమన్నాం. సుమతి మాత్ర లేకుండా నిద్రపోతోంది. ఉయ్యాల తనంతట తాను మళ్ళీ ఎప్పుడూ ఊగలేదు. భ్రమ అనుకుందామంటే, మిగతా ఫ్లాట్లన్నీ బూట్లతోనే తిరిగి చూపించే ఆ టై ఆయన, ఇప్పటికీ మా గడప మాత్రం బూట్లు విడవనిదే తొక్కడు.

అమ్మాయి డ్యూటీ దిగివచ్చి అందులో కునుకు తీసేటప్పుడు, ఒక్కోసారి నేనే ఉయ్యాలకు తాడు కట్టి, కాలి బొటనవేలికి చుట్టుకుని లాగుతాను. రెండు ఊపులు బాగానే వస్తాయి. ఆపడమే చేతకాదు. తాడుతో లాగొచ్చు గానీ, తాడుతో నిలపడం ఎట్లా? చెంగమ్మ ఎట్లా నిలిపేదో, బతికుండగా ఒక్కసారైనా అడగలేదు.